పురుగు పట్టిన పండ్లు

నన్ను పళ్ళ ఇన్‌ఛార్జిని చేయడానికి కారణం నా చదువు కాదు, నా నవ్వు.

తొంభైల చివరి రోజులవి. శామీర్‌పేట మండలంలో, చెరువుకు అవతలి ఊళ్ళో, ఓ ప్రాథమిక పాఠశాలలో నేను మూడో సారును. ఉన్నదే ముగ్గురం కాబట్టి మూడో సారంటే ఆఖరి సారు. పైఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా పెద్దసారు బల్ల మీద నుంచి రెండో సారు బల్ల మీదికి, అక్కణ్ణుంచి నా ఒళ్ళోకి జారేది. ఆ గదిలో నేల నా కుర్చీ వైపు వాలుగా ఉండేదని నాకిప్పటికీ అనుమానమే. మొక్కలు నాటించే పని, పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించే పని, దోమల మీద ఊరేగింపు తీసే పని, అన్నీ అలా జారినవే.

ఆ రోజు జారిన కాగితంలో, ప్రతి బడిలోనూ పిల్లల నోటి ఆరోగ్యం చూసుకునే ఉపాధ్యాయుడు ఒకరుండాలని రాసి ఉంది. పెద్దసారు దాన్ని రెండుసార్లు చదివి, దవడలోని జర్దాపాను ఈ చెంప నుంచి ఆ చెంపకు మార్చి నా వైపు చూశారు. ఆయన పళ్ళ రంగు చూసి మా బడి గోడలకు కావి కొట్టించారని ఊళ్ళో ఓ మాట ఉండేది.

"మన ముగ్గుర్ల పండ్లు కనవడేటట్టు నవ్వేటోనివి నువ్వే. నువ్వే ఉండు" అన్నారు.

"నాకు పళ్ళ గురించి ఏం తెలుసండీ?"

"ఏం తెల్వాలె? ముప్పై రెండుంటయి. పోరగాండ్లకు జర తక్వ. ఇగ వొయ్యి తోమిపియ్యి."

నేను కోస్తా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి మేడ్చల్‌లో అద్దెకుండేవాణ్ణి. మేడ్చల్ నుంచి బడి ఉన్న ఊరికి పొద్దున ఒకటే బస్సు. అందులో ఎక్కితే రెండు కాళ్ళూ ఒకేసారి నేల మీద ఆనించిన మనిషిని నేను నాలుగేళ్ళలో చూడలేదు. ఒక కాలు మోపి రెండోది ఎక్కడో ఉందని నమ్మకంతో ప్రయాణం చేయడమే. గాలి తూర్పు నుంచి వీచిందంటే జవహర్‌నగర్ చెత్తకుప్ప కూడా మాతోపాటే టిక్కెట్టు లేకుండా ఎక్కేది.

ఇన్‌ఛార్జి అయిన వారానికి నాకు సామగ్రి వచ్చింది. ప్లాస్టరుతో చేసిన దవడలు ఒక జత. వాటిని తోమి చూపించడానికి ఒక బ్రష్షు. ఆ దవడలు ఏనుగువో మరి, ఆ బ్రష్షు మాత్రం మా బడి ఊడ్చే చీపురుకన్నా పెద్దది. దాన్ని భుజాన వేసుకుని నేను బస్సు దిగుతుంటే, చెరువుగట్టున చేపలు అమ్మే ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వాటితోపాటు పిల్లలకని పేస్టు గొట్టాలు నాలుగు వచ్చాయి. నూట చిల్లర పిల్లలకు నాలుగు గొట్టాలు. వేలి కొనకు బఠాణీ గింజంత పెట్టి, వరసగా నిలబెట్టి, "తోమండి" అన్నాను. తోమిన శబ్దం రాలేదు. చప్పరించిన శబ్దం వచ్చింది. తియ్యగా ఉందట. రెండో రోజుకు నాలుగు గొట్టాలూ కడుపుల్లోకి చేరాయి.

"సారూ, రేపు గుడ వెడ్తరా?" అని రెండో తరగతివాళ్ళు మర్యాదగా అడిగారు.

ఇళ్ళల్లో ఎవరు దేనితో తోముకుంటున్నారని అడిగితే, బొగ్గు అన్నారు, ఇటుకపొడి అన్నారు, కచ్చిక బూడిద అన్నారు, వేపపుల్ల అన్నారు. నలుగురు మాత్రం అమ్మ తోముకునే నల్లపొడి అన్నారు. దాంట్లో పొగాకు ఉంటుంది. అది పెట్టుకోకపోతే తల తిరుగుతుందని మూడో తరగతి పిల్లాడొకడు ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడిలా చెప్పాడు.

ఆ మూడో తరగతిలోనే ఉండేది నేను చెప్పబోయే పిల్ల. చెరువులో వలవేసే ఆయన కూతురు. తరగతిలో పాఠం పైకి చదవాలంటే ఆ పిల్లే చదవాలి. గొంతు ఎంత గట్టిదంటే, ఆ పిల్ల పద్యం ఎత్తుకుంటే చెరువు అవతల మేస్తున్న బర్రెలు తలెత్తేవి. అలాంటి పిల్ల ఒకనాడు చెంప పట్టుకుని వచ్చి మూల కూర్చుంది. చదవమంటే తల అడ్డంగా ఊపింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది.

అవ్వ అంటే ఆ పిల్ల నాయినమ్మ. ఎత్తు తక్కువ, మాట ఎక్కువ. ఆ ఇంట్లో వల ఎప్పుడు వేయాలన్నా, ఎప్పుడు తీయాలన్నా ఆమె మాటే. ఆవిడ మనవరాలి గడ్డం పట్టుకుని, సంచి మూతి తెరిచినట్టు నోరు తెరిచి నాకు చూపించింది.

"పండ్ల సారువు నువ్వేనట గద. గీ వెనుక పన్నుకు రంధ్రం వడ్డది. రాత్రంత ఒక్కతీర్గ ఏడ్సుడే. గిది పాలపన్నా, కాదా? సూసి జెప్పు సారూ."

నేను చూశాను. కింద దవడలో, అన్నిటికన్నా చివర, వెడల్పాటి పన్ను. నడిమధ్యన మిరియపు గింజంత నల్లటి గుంట. నాకేం తెలుసు? ఏమీ తెలియదు. కానీ చుట్టూ నూట చిల్లర పిల్లలు, వరండాలో పెద్దసారు, చేతిలో ఏనుగు దవడ. తెలియదు అని ఎలా అనేది? తొమ్మిదేళ్ళ పిల్ల కదా, ముందుపళ్ళు రెండు ఈమధ్యే ఊడి వచ్చాయి కదా అని లెక్కగట్టి, గొంతు సవరించుకుని చెప్పాను.

"పాలపన్నే అవ్వా. దానంతటదే ఊడి కొత్తది వస్తుంది. లవంగం పెట్టు, చాలు."

"గంతేనా. నేను గదే అన్న" అంది అవ్వ. నాకన్నా ముందే తనకు తెలిసిన సంగతి నా నోట విన్నందుకు ఆమెకు నామీద గౌరవం పెరిగింది. ఆ సాయంత్రానికి నేను పళ్ళు చూసి చెప్పే సారునని చెరువు నాలుగు గట్లకూ తెలిసిపోయింది.

రెండు నెలలకు మేడ్చల్‌లో మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. మొదటిరోజు మధ్యాహ్నం, టీ గ్లాసు చేతిలో ఉండగా, శిక్షణ ఇస్తున్న డాక్టరుగారు గోడమీద పటంలో వెనక పన్ను ఒకదాన్ని కర్రతో పొడిచారు.

"మీరంతా పొరబడేది ఇక్కడే. ఇది ఆరో ఏట వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా, ఎవరికీ చెప్పకుండా వెనక సందులోంచి వచ్చి కూర్చుంటుంది. పాలపన్ను అనుకుని వదిలేస్తారు. ఇది అసలు పన్ను. పోతే మళ్ళీ రాదు."

ఆ కర్ర పొడిచింది సరిగ్గా ఆ పిల్ల గుంటలోనే.

శిక్షణ ముగిసిన మర్నాడే, బడి విడిచాక వాళ్ళింటికి వెళ్ళాను. అవ్వ వాకిట్లో చేపలకు ఉప్పు రాస్తోంది. అప్పుడు నేనొక పని చేయాల్సింది. "అవ్వా, నేను తప్పు చెప్పాను" అనాల్సింది. మూడే మాటలు. ఆ మూడు మాటలకు బదులు మూడు వందల మాటలు చెప్పాను.

"అవ్వా, ఈమధ్య కొత్తగా కనిపెట్టారు. పాలపన్నులా కనిపించినా కొన్ని పళ్ళు పాలపళ్ళు కావట. పైనుంచి ఆర్డరు వచ్చింది. పిల్లను డాక్టరుకు చూపించాలి."

అవ్వ చేపను పక్కన పెట్టింది. "అంటె మొన్నటిదాక పాలపన్ను, ఇయ్యాల ఆర్డరు రాంగనె మారిందా?"

"అలా కాదు..."

"గట్లనే ఉన్నది సారూ నీ ముచ్చట. నా మనుమరాలి నోట్ల పన్నుకు పట్నంల ఆర్డరేంది? నువ్వు మొదాలు జెప్పిందే నిజం. గిప్పుడు ఎవరో నీకు మందలిచ్చిండ్రు."

వలలు సర్దుతున్న పిల్ల తండ్రి వైపు చూశాను. ఆయన నవ్వి, "మా అమ్మనడుగు సారూ" అన్నాడు. అడగాల్సింది ఆమెనే. ఆమె సాక్ష్యంగా చూపిస్తున్నది నన్నే. నాకు వ్యతిరేకంగా నేనే నిలబడి గెలుస్తుంటే, ఇటు పక్క నుంచి చూస్తూ నిలబడడం ఎంత పరేషానో ఆ రోజు తెలిసింది.

సరే, పిల్ల డాక్టరు దగ్గరికి రాకపోతే డాక్టరునే పిల్ల దగ్గరికి తెద్దామనుకున్నాను. మా బడికో దంత వైద్య శిబిరం కావాలని అర్జీ పెట్టాను. ఆ అర్జీ మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి ఎన్నిసార్లు తిరిగిందో, ఆ తిరుగుడుకు బస్సుపాసు ఇస్తే కాశీ వెళ్ళి రావచ్చు. మూడుసార్లు తేదీ ఇచ్చారు, మూడుసార్లు జీపు పాడైంది. ఈలోగా పిల్ల రెండు రోజులు వస్తే మూడు రోజులు రావడం మానేది. మొత్తానికి మాఘమాసంలో, ద్రాక్షలు కోతకొచ్చే వేళకు, రేపు పొద్దున వస్తున్నామని కబురొచ్చింది.

ఊళ్ళో చాటింపు వేయించాలి. డప్పు కొట్టే ఆయన్ను పిలిచి, "రేపు మన పాఠశాలలో దంత వైద్య శిబిరం" అన్నాను.

"గదేంది సారూ? జర తెలుగుల జెప్పు."

"పళ్ళ డాక్టరు వస్తాడు. పుచ్చిన పళ్ళకు ఉచితంగా మందిస్తాడు."

"ఆ, గట్ల జెప్పు" అని ఆయన డప్పు వెచ్చబెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక్క మాట. మా వైపు నోట్లోవి పళ్ళు. ఇక్కడ పండ్లు. నోట్లో ఉన్నా పండ్లే, చెట్టుకున్నా పండ్లే. ఆ రోజుల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా ద్రాక్షతోటలే. ఆ ఏడు తోటలకు బూడిదతెగులు వచ్చి, పురుగు తగిలి, రైతులు తలలు పట్టుకుని కూర్చున్నారు. ఇవన్నీ నాకు విడివిడిగా తెలుసు. కలిపి చూసుకునే తెలివి మాత్రం సాయంత్రం ఆరింటికి బస్సెక్కి వెళ్ళిపోయింది.

మా డప్పాయన చాటింపు నేను వినలేదు. తర్వాత ఊరంతా నాకు అప్పజెప్పారు. "ఇనుండ్రహో, రేపు పొద్దుగాల బడి కాడికి పండ్ల డాక్టరు అస్తుండహో, పురుగువట్టిన పండ్లు, ఖరాబైన పండ్లు సూసి ఫుకట్ల మందిస్తరహో, ఎవల పండ్లు వాల్లే తెచ్చుకోవాలెనహో." ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నా ఖర్మ.

మర్నాడు నేను బస్సు దిగేసరికి బడి ముందు ఎడ్లబండ్లు. ఒకటి కాదు, రెండు కాదు. పక్కూళ్ళ నుంచి కూడా వచ్చాయి. వరండా నిండా గంపలు, గంపల నిండా బూడిదపట్టిన ద్రాక్షగుత్తులు. మచ్చలు పడ్డ జామకాయలు తెచ్చినవాళ్ళు వేరు. ఒకాయన ఏకంగా ద్రాక్షతీగను వేళ్ళతో సహా పెరికి భుజాన వేసుకొచ్చాడు. పెద్దసారు నడిమధ్య కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళు తెచ్చినవి మర్యాదకు తలా ఒకటి రుచి చూస్తున్నారు.

జీపు వచ్చింది. దిగిన డాక్టరు కుర్రవాడు, కొత్తగా చేరినవాడు. మూతికి గుడ్డ కట్టుకుని, చేతికి తొడుగులు వేసుకుని, మొదట వచ్చిన రైతును బల్ల మీద కూర్చోమన్నాడు.

"నోరు తెరవండి."

"నాకేం గాలె సారూ, మా తోటకు" అన్నాడు రైతు.

"ముందు నోరు తెరవండి."

"నేనెందుకు నోరు తెరుసుడు? తిని సూడాల్సింది నువ్వు గద" అని గుత్తి ఆయన ముఖం ముందు పెట్టాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. ఆ డాక్టరు తోటల డాక్టరు కాదని చెప్పడానికి గంటన్నర పట్టింది. చెప్పాక వాళ్ళు ఒప్పుకోవడానికి ఇంకో గంట. "పండ్ల డాక్టరై ఉండి పండ్ల ముచ్చట తెల్వదంటవేంది?" అని ఒకరు, "పొద్దున్నుంచి పనిడిసిపెట్టి అస్తిమి, ఏదో ఒక మందన్న రాసియ్యి" అని ఒకరు. చివరికి ఆయన విసిగిపోయి ఓ కాగితం మీద ఏదో రాసిచ్చాడు. అది ఉప్పునీళ్ళతో పుక్కిలించమని. ఆ రైతు తోటకు ఉప్పునీళ్ళు కొట్టాడో లేదో నాకు తెలియదు.

పిల్లల్లో చూడగలిగింది పదిమందినో పన్నెండుమందినో. మిగతావాళ్ళు తల్లుల వెంట తోటల్లో ఉన్నారు. నేను గంపల మధ్య తొక్కుకుంటూ ఆ పిల్లకోసం వెతుకుతూనే ఉన్నాను. అవ్వ ఇంటికి మనిషిని పంపితే, "మాకేమన్న తోటున్నదా, మాకెందుకు" అందట. ఒంటిగంటకు డాక్టరు తొడుగులు విప్పేశాడు. సూరారంలో ఇంకో బడికి వెళ్ళాలట. జీపు ఎక్కుతుండగా, బండ్లబాటన వస్తూ కనిపించింది పిల్ల. నెత్తిమీద గంప, గంపలో ద్రాక్షలు, ఒక చెయ్యి చెంప మీద. పక్కింటివాళ్ళ తోటలో పురుగుపట్టిన గుత్తులు ఏరి తెమ్మంటే, పొద్దున్నుంచి ఏరి తెస్తోంది.

నేను జీపుకు అడ్డం నిలబడ్డాను. డాక్టరు దిగలేదు. జీపు మెట్టు మీదే పిల్లను నిలబెట్టి, టార్చి వేసి చూశాడు.

"అసలు పన్ను సార్ ఇది. ఇంకా లోపలి దాకా పోలేదనుకుంటా. నింపితే నిలుస్తుంది. నా దగ్గర ఆ సరంజామా లేదు. పది రోజుల్లో పట్నం తీసుకురండి. ఆలస్యం చేస్తే పీకేయాల్సిందే."

పది రోజులు. బండి దుమ్ములో నిలబడి పిల్లను అడిగాను, మీ అవ్వకు ఇది చెప్తావా అని.

"నేన్ జెప్తె ఇంటదా సారూ? నువ్వు జెప్తెనే ఇంటలేదు" అంది గంప దించకుండానే.

మర్నాడు పొద్దున్నే నాకు పోలియో చుక్కల డ్యూటీ పడింది. ఎటు నుంచి జారిందో చెప్పనక్కర్లేదు. ఆరు రోజులు ఇల్లిల్లూ తిరిగి ఊళ్ళో చిన్నపిల్లల నోళ్ళన్నీ తెరిపించాను. ఇన్ని నోళ్ళు ఒక్కసారి తెరిపించిన ఇన్‌ఛార్జి ఈ దేశంలో మరొకడు ఉండడు. కానీ ఆ నోళ్ళలో చుక్క వేయమన్నారు గాని పళ్ళు చూడమనలేదు. వేస్తూ వేస్తూ ఆరో రోజు అవ్వ వాకిట్లోకి వెళ్ళేసరికి అక్కడ పొగ.

పళ్ళల్లో పురుగులు తీసే ఆడమనిషి వచ్చింది. పెంకుముక్కలో నిప్పులు, నిప్పుల మీద ఏవో ముళ్ళకాయ గింజలు, ఆ పొగను గొట్టంతో పిల్ల నోట్లోకి ఊదుతోంది. పిల్ల కళ్ళలోంచి నీళ్ళు ధారలు. కాసేపటికి ఆ మనిషి గిన్నెడు నీళ్ళు చూపించింది. అందులో తెల్లగా సన్నగా ఏవో తేలుతున్నాయి.

"ఏడు" అంది అవ్వ, నా వైపు తిరిగి. "ఏడు పురుగులెల్లినయి. సూసుకో సారూ."

నేనొకదాన్ని వేలితో తీసి చూశాను. గింజలోంచి ఊడిన మొలకలా ఉంది. "ఇవి పురుగులు కావవ్వా. కాయలోవి. డాక్టరుగారు చెప్పారు, పది రోజుల్లో..."

"నీ డాక్టరు ఒక్క పురుగన్న సూపిచ్చిండా?"

చూపించలేదు.

"నొప్పి దిగితె దిగింది, లేకుంటె ఊడుతది, మల్లొస్తది. నువ్వే జెప్తివి గద పాలపన్నని" అని ఆవిడ నిప్పుల మీద నీళ్ళు చల్లింది.

అప్పుడైనా ఆ మూడు మాటలు అనొచ్చు. పురుగులు తీసే ఆమె ముందు, పక్కిళ్ళవాళ్ళ ముందు, చేతిలో చుక్కల డబ్బాతో అనలేకపోయాను. "చూడవ్వా, ఇవి కొత్త పద్ధతులు" అని మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

నాకు మరింత చిరాకు తెప్పించిందేమిటంటే, నొప్పి నిజంగానే తగ్గింది. పిల్ల బడికి వచ్చింది. పాఠం చదివింది. అవ్వ ఎదురుపడ్డప్పుడల్లా నాకేసి చూసి వేళ్ళు ఏడు చూపించేది. పన్ను లోపల నరం చచ్చిపోతే నొప్పి తెలియదని నాకు తర్వాత చెప్పారు. పది రోజులు అయిపోయాయి. ఇరవై అయ్యాయి. హోలీ వెళ్ళిన వారానికి పిల్ల తండ్రి బస్టాండు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు. కూతురు ఆయన భుజం మీద ఉంది. చెంప ఎంత ఉబ్బిందంటే ఆ వైపు కన్ను కనిపించడం లేదు. ఇది పెంచి చెప్పడం కాదు.

"జల్దీ పోదం సారూ. ఎక్కడికో నువ్వే జెప్పు."

పట్నంలో పెద్ద పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చూసి, "ఇన్నాళ్ళేం చేశారండీ?" అంది. తండ్రి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. గోడ మీద కూడా దవడల బొమ్మే. వాపు తగ్గడానికి మందులిచ్చి, నాలుగు రోజులాగి రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళాం. ఈసారి అవ్వ కూడా వచ్చింది. పీకేశారు. పిల్ల ఏడవలేదు. దూదిలో చుట్టి ఇచ్చిన పన్నును అవ్వ కొంగు చివర ముడివేసుకుంది.

తర్వాతి ఆదివారం నాకు బడి లేదు, అయినా ఆ ఊరి బస్సెక్కాను. వాళ్ళ వాకిట్లోకి వెళ్ళేసరికి అవ్వ కింద కూర్చుని, పచ్చిపేడ ముద్దలో రెండు గరికపోచలు గుచ్చి, నడుమ ఆ పన్ను పెడుతోంది. ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటిమీదికి విసిరితే కొత్తది త్వరగా వస్తుందంటారు. మా ఇంట్లోనూ విసిరించేవారు. పిల్ల పెంకుల కప్పు వైపు తలెత్తి, చేయి చాపి సిద్ధంగా ఉంది. నన్ను చూసి అడిగింది.

"కొత్తది ఎన్ని దినాలకొస్తది సారూ?"

నోటికి అలవాటైన మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. పైనుంచి ఆర్డరు, కొత్తగా కనిపెట్టారు, శిక్షణలో చెప్పారు.

"రాదమ్మా" అన్నాను.

అవ్వ చేయి ఆగింది. "మల్ల గదేంది?"

"అది పాలపన్ను కాదవ్వా. ఎన్నడూ కాదు. ఆ రోజు నాకు తెలియదు. తెలియకుండానే చెప్పాను. నేను తప్పు చెప్పాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మొన్న చేపల కాడికి అస్తివి గద. గా దినమే గీ మాట అంటె అయిపోవుగద సారూ" అంది నెమ్మదిగా. "ఆర్డరంటివి. ఏందేందో అంటివి. తప్పు జెప్పిన అంటె నేనొద్దందునా? మనుషులు జెప్తరు తప్పు. నేన్ జెప్పలేదా?"

పిల్ల నా ముఖం, అవ్వ ముఖం మార్చి మార్చి చూసి చేయి దించేసింది. పేడముద్ద అవ్వ చేతిలోనే ఉండిపోయింది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు ఆమె అటూ ఇటూ చూసి, గోడ పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుంది. తర్వాత ఇంట్లోకి ఒక కేక వేసింది.

లోపలి నుంచి పిల్ల చెల్లెలు వచ్చింది. ఒకటో తరగతిలో ఆ ఏడే చేర్చాం. అవ్వ ఆ చిన్నదాన్ని రెక్క పట్టుకుని తెచ్చి, నా ముందు నిలబెట్టి, గడ్డం పట్టి నోరు తెరిచింది.

"గీ దీనికి వెనుక ఏదో కొత్తగ మొలిసినట్టున్నది. ఊకె జెప్పకు. సూసి జెప్పు."

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎండ సరిగా పడేట్టు పిల్లను అటు తిప్పాను. నాలుక అడ్డం వస్తే అడ్డం తీయించాను. చివర, చిగురు చీల్చుకుని సగం బయటకొచ్చిన పన్ను. ఒక్క మచ్చ లేదు. రెండో వైపు కూడా చూశాను. పైనా చూశాను. ఇంతసేపు ఒక నోరు చూడడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

"ఇది అసలుది అవ్వా. పోతే రాదు."

"ఖరారేనా?"

"ఖరారే."

"రేపు మల్ల మాట మారుస్తవా?"

"మార్చను."

అవ్వ ఇంకొంచెం సేపు గడ్డం వదల్లేదు. తనూ ఒకసారి వంగి లోపలికి చూసుకుంది.

"సరే బిడ్డా" అంది ఆ పిల్లతో, "ఇగ నోరు మూస్కో."